పేరులోనే పట్టు

లాయరు రాజకీయాల్లోకి వెళ్లి చరిత్రలో నిలిచిపోయాడంటే ఠక్కున గుర్తొచ్చేది అబ్రహాం లింకన్. సరే, అదే శతాబ్దంలో మన గుత్తిలో ప్రాక్టీసు పెట్టిన వకీలు ఎవరో చెప్పండి చూద్దాం! అనంతపురం వాళ్లకైనా వెంటనే తట్టదు.

పట్టు కేశవ పిళ్లై. 1860లో పుట్టారు. మూలాలు తమిళం, ఊరు మాత్రం గుత్తి. ఒక చేత్తో కోర్టు కాగితాలు, ఇంకో చేత్తో ‘హిందూ’ పత్రికకు వార్తలు. 1885 డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెస్ మొట్టమొదటి సభకు వెళ్లిన 72 మందిలో ఈయనా ఉన్నారు. అప్పటికి ఆయన వయసు 25. మన జిల్లా వయసు మూడేళ్లు! 1882లోనే కదా బళ్లారి నుంచి విడిపోయింది.

అసలు కథ 1893 అక్టోబరు 4ది. గుంతకల్లు దగ్గర కొందరు తెల్ల సోల్జర్లు ఇద్దరు ఆడవాళ్లను తరిమారు. వాళ్లు పరుగున రైల్వే గేట్‌మన్ హంపన్న దగ్గరికి చేరారు. ఆయన అడ్డం నిలబడ్డాడు. సోల్జరు తుపాకీ పేల్చాడు. హంపన్న ప్రాణం పోయింది.

ఇప్పుడైతే అరగంటలో వీడియో ఊరంతా తిరిగేది. అప్పుడు? గేటుకాడ జీతగాడు పోతే మద్రాసులో ఎవరికి పట్టింది? కేశవ పిళ్లైకి పట్టింది. సంగతంతా ‘హిందూ’కు రాశారు. కేసు మద్రాసు హైకోర్టుదాకా పోయింది. చివరికి ముద్దాయి నిర్దోషి అని తేలి బయటికొచ్చేశాడు. న్యాయాన్నే నమ్ముకున్న వకీలుకు ఇంతకన్నా చేదు ఏముంటుంది! జనం మాత్రం చందాలు వేసుకుని హంపన్నకు స్మారకం కట్టారు.

పిళ్లై గారు అక్కడితో విసిగి ఇంట్లో కూర్చోలేదు. 1909లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టారు. అక్కడ అడవి చట్టాల గురించి కొట్లాడారు. అడవి గొడవేంట్రా అనుకోకండి. వాన మొహం చాటేస్తే మన మెట్టపొలాల్లో గడ్డిపరక మిగలదు. గొడ్డును అడవికి తోలాల్సిందే. తోలితే జరిమానా! కరువు రైతుకు అది కడుపు మీద దెబ్బే.

తర్వాత మండలికి డిప్యూటీ ప్రెసిడెంటు అయ్యారు. 1922లో ఇంకో పని మీద పడింది. దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానా చెరుకు తోటలకు మళ్లీ మనవాళ్లను కావాలన్నారు. అక్కడ మన కూలీల బతుకు ఎట్లుందో కళ్లారా చూసి చెప్పడానికి వెళ్లిన బృందంలో మన గుత్తి వకీలు ఉన్నారు. ఓడలో సముద్రాలు దాటి వెళ్లేనాటికి ఆయనకు 61 ఏళ్లు.