హృదయవేత్తకు పరీక్ష యేల?

గత మాసమున సాయంకాలార్చన ముగిసిన పిదప ఒక డిగ్రీ విద్యార్థి మా ఆలయమండపములో వచ్చి కూర్చున్నాడు. కళాశాల ద్వారము వద్ద ఒక బోధకుడు అతనిని ఇట్లు ప్రశ్నించినాడట: "మీ రాముడు దేవుడైతే సీత ఎక్కడ ఉన్నదని చెట్లను ఏల అడిగినాడు? తెలియనివాడు దేవుడెట్లగును?" బాలుడు ఉత్తరము చెప్పలేక క్రుంగిపోయినాడు.

ప్రశ్న మంచిదే. అయితే అదే త్రాసుతో అడిగినవారి గ్రంథమును కూడ తూచవలెను గదా!

బైబిలు దృష్టిలో దేవుడు సర్వహృదయవేత్త. మొదటి రాజులు 8:39లో సొలొమోను ఆలయప్రతిష్ఠా సమయమున, నరులందరి హృదయములను ఎరిగినవాడు దేవుడొక్కడే అని ప్రార్థించుచున్నాడు. యిర్మీయా 17:10 కూడ ఈ భావమునే చెప్పును. అంతర్యామి బ్రాహ్మణము చదివినవానికి ఇందులో అభ్యంతరము లేదు.

ఇక ఆదికాండము 22వ అధ్యాయము చూడుడు. అబ్రాహాము కన్నకొడుకు ఇస్సాకును కట్టెలపై ఉంచి కత్తి పట్టినాడు. ఆకాశమునుండి దూత వారించి, అతని దైవభీతి ఇప్పుడు తెలియవచ్చినదని దేవుని పక్షమున పలికినాడు. ఆ "ఇప్పుడు" అను మాటలోనే చిక్కంతయు ఉన్నది. అంతకు ముందు తెలియదా? రెండవ దినవృత్తాంతములు 32:31 మరింత స్పష్టము: హిజ్కియా రాజు హృదయములోని సమస్తమును తెలిసికొనుటకే దేవుడు అతనిని విడిచి శోధించినాడట. రోగము తెలియని వైద్యుడు రక్తపరీక్ష వ్రాయును. తెలిసినవానికి పరీక్ష యేల?

క్రైస్తవ పండితులు దీనిని గమనింపలేదనుకొనుట మన అజ్ఞానము. అగస్టీన్ మహాశయుడు ఐదవ శతాబ్దముననే "తెలిసికొంటిని" అనగా "తెలియజేసితిని" అని అర్థము చెప్పినాడు. కాని హీబ్రూ మూలములోని క్రియ సామాన్యరూపమే, ప్రేరణార్థకము కాదు. ణిజర్థము లేనిచోట ణిజర్థము తెచ్చుట ఎంత సాహసమో కౌముది చదివినవారికి చెప్ప పనిలేదు. పోనీ, అంగీకరింతము. ఎవరికి తెలియజేసినట్లు? అబ్రాహాము సేవకులను గాడిదతో కూడ దూరముననే నిలిపినాడు. కొండమీద తండ్రీకొడుకులు తప్ప మరొక నరుడు లేడు. లోకమునకు, రాబోవు తరములకు అని యూదాచార్యుడు మైమోనిడీస్ చెప్పిన సమాధానము గౌరవింపదగినదే.

1994లో క్లార్క్ పినాక్ మొదలైన ఐదుగురు క్రైస్తవ పండితులు ఒక గ్రంథమున మరొక దారి పట్టిరి. జీవుల స్వేచ్ఛాకర్మలలో జరుగబోవునది దేవునికి ముందుగా నిశ్చయముగా తెలియదని వారి మతము. ఇదియు చిక్కును తీర్చదు. హిజ్కియా విషయమున తెలియవలసినది భవిష్యత్తు కాదు, అప్పటికే హృదయములో ఉన్నది!

కనుక మిగిలిన మార్గము మన మీమాంసకులు ఎరిగినదే: ముఖ్యార్థము బాధితమైనచో లక్షణ. దానిని వారు ఆశ్రయించిన నాకు ఆక్షేపణ లేదు. తమ గ్రంథమునకు లక్షణ, వాల్మీకికి మాత్రము అక్షరార్థము అనుట ఏ న్యాయము? నిజమునకు వాల్మీకికి లక్షణ అవసరమే లేదు. రావణుని వరములో నరుని ప్రస్తావన లేనందున విష్ణువు నరుడై అవతరించినాడని బాలకాండముననే ఉన్నది. నరుడై వచ్చినవాడు నరునివలె విలపించినాడు. అగ్నిపరీక్ష పిదప సీత శుద్ధి తనకు తెలియుననియు, అది ముల్లోకముల విశ్వాసము కొరకనియు యుద్ధకాండములో రాముడే చెప్పినాడు. ఎవరికి తెలియుటకు పరీక్షయో మూలమే చెప్పినది. మోరీయా కొండ కథలో ఆ మాట లేదు.

మనవారు కొందరు వాట్సాప్‌లో "బైబిలు వైరుధ్యములు" అని పట్టికలు పంచుచున్నారు. పూర్వాపరములు చదువక పంచు ఆ పట్టికలు ఆ బోధకుని ప్రశ్నకు కవలలు.

బాలునికి నేను ఆదికాండము 3:9 చూపినాను. అక్కడ దేవుడు తోటలో దాగిన ఆదామును ఎక్కడున్నావని అడుగును. ఆ ప్రశ్న ఎందుకో ఆ బోధకునినే అడిగి, అతడు చెప్పిన సమాధానమును రామునికి కూడ వర్తింపజేయుమని చెప్పి పంపినాను. మొన్న ఏకాదశినాడు బాలుడు మరల వచ్చినాడు. బోధకుడు ఆలోచించి చెప్పెదనన్నాడట.