సర్వర్ మారింది... ఆర్డర్లు ఏవీ?

గోపన్‌పల్లిలో ఇంటి నుంచే పచ్చళ్లు అమ్మే ఒకావిడ ఫోన్ చేశారు. "సర్వర్ మార్చామండీ. నాకు కొత్త సైటే వస్తోంది. కస్టమర్లకేమో పాతదే కనిపిస్తోందట! నిన్నట్నుంచీ ఒక్క ఆర్డర్ మెయిలూ లేదు."

కంగారొద్దన్నాను. సైట్ పాత చిరునామాను నెట్ కంపెనీల డీఎన్‌ఎస్ సర్వర్లు టీటీఎల్ గడువు తీరేదాకా గుర్తుంచుకుంటాయి. ఆ గడువు 86,400 సెకన్లయితే ఒక రోజు ఆగాల్సిందే. ఇక మెయిళ్లకు దారి చూపేది ఎంఎక్స్ రికార్డు. కొత్త చోట అది రాయడం మరిచారు. రాశాక మెయిళ్లు మొదలయ్యాయి. పాత సైట్‌లో పడ్డ ఆర్డర్లు పాత సర్వర్ డేటాబేస్‌లో దొరికాయి. ఆ ఖాతా అప్పటికే మూసేసి ఉంటే?

మీరూ సర్వర్ మారుస్తుంటే, ఒకట్రెండు రోజుల ముందే టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించండి. పాత సర్వర్‌ను కనీసం వారం ఉంచండి. ఇల్లు మారినా, సామానంతా చేరాకే కదా పాతింటి తాళం ఇచ్చేది!