సంతకం లేని సర్టిఫికెట్

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్‌లలోని తెలుగు ఇళ్లలో పన్నెండో తరగతి సైన్స్ గట్టెక్కిన పిల్లలకు డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) తేలికదారిగా తోస్తుంది. ఫీజుతో ఖర్చు తీరదు. గది అద్దె, జీతంలేని శిక్షణ నెలలూ లెక్కలోకి వస్తాయి. చేతికొచ్చేది రక్తం తీసి, పరీక్ష చేసే అర్హత. రిపోర్టుపై సంతకం పాథాలజీలో పీజీ చేసిన డాక్టరే పెట్టాలని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తేల్చింది. సొంత ల్యాబ్ ఆశ చూపి సీట్లు అమ్మేవారు ఈ మాట ఎత్తరు. ఎందుకెత్తుతారు? అప్పుచేసి ప్రైవేటు సీటు కొనేకన్నా, ప్రభుత్వ సంస్థలో సీటుకోసం ఏడాది ఆగడమే మేలని మా అభిప్రాయం. తొందరైతే, ఆ కోర్సుకు మహారాష్ట్ర పారామెడికల్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవాలి. రాష్ట్ర సరిహద్దు దాటి నిజామాబాద్‌లో పని వెతుక్కునేవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం.