ఆమె అనుభవాన్ని కార్డులో రాయండి

తెలంగాణ భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి అధ్యక్షులకు,



రిజర్వ్ బ్యాంకు లెక్కల ప్రకారం 2022-23లో పల్లెల్లో నిర్మాణ కార్మికుడి సగటు దినకూలీ కేరళలో రూ. 852, మధ్యప్రదేశ్‌లో రూ. 278. దేశ సగటు రూ. 393. ఒడిశా, బిహార్ కార్మికులు రైలెక్కి హైదరాబాద్ వస్తున్నది రాష్ట్రాల మధ్య ఇలాంటి తేడాల వల్లే. కూలీలను కూడగట్టి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట పాలమూరు కూలీలు ఊరు విడిచి వెళ్లి చోటుచోటా ఆనకట్టలు కట్టిందీ బతుకు తెరువు కోసమే.

పనిని బట్టి కూడా కూలీ మారుతుంది. తాపీ, సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, పెయింటింగ్... దేని రేటు దానిదే. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని నిర్మాణ పనులకు 2024 అక్టోబరు 1 నుంచి అమలైన రేట్లలో పెద్ద నగరాల్లో కనీస దినకూలీ నైపుణ్యం లేనివారికి రూ. 783, నైపుణ్యం ఉన్నవారికి రూ. 954గా ఉండేది. తాపీ పట్టడం నేర్చుకున్న కుర్రాడు కొన్నేళ్లలో ఆ మెట్టు ఎక్కుతాడు.

అతనికి మాలు అందించే ఆడమనిషి మాత్రం ఎక్కదు. ఇసుకా సిమెంటూ ఎంత పాళ్లలో కలపాలో, మాలు ఎప్పుడు బిగుస్తుందో, గోడ తూకం ఎక్కడ తప్పిందో ఆమెకు తెలుసు. అయినా ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆమె కూలీయే. చాలాచోట్ల పక్కనే తట్ట మోసే మగ కూలీకన్నా ఆమెకు తక్కువే ముడుతుంది. ఒకే పనికి ఒకే వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. కానీ ఆమె చేతికి తాపీ ఇవ్వనంత కాలం మేస్త్రీ కూలీ అడిగే దారే ఆమెకు లేదు.

ఆ దారి వేయగలిగింది మీరే. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన వారిని మండలి నమోదు చేసుకుని కార్డు ఇస్తోంది. ఆ కార్డులో ఏ పని, ఎన్నేళ్లుగా, ఏ స్థాయిలో చేస్తున్నారో కూడా రాయండి. పనిచేసే చోటికే వచ్చి నైపుణ్యం పరీక్షించి, కొత్త మేస్త్రీకి చూపించుకోగలిగే ధ్రువపత్రం ఇవ్వండి. ఆడవాళ్లకు తాపీ పని నేర్పండి. నేర్చుకునే రోజుల్లో కూలీ పోకుండా సెస్సు నిధి నుంచి భృతి ఇవ్వండి. నిర్మాణ వ్యయంలో ఒక శాతంగా వసూలయ్యే ఆ డబ్బు వాళ్ల పేరు మీద వచ్చిందే.

ఇది సాధ్యమేనని ఝార్ఖండ్ మహిళలు చూపించారు. స్వచ్ఛ భారత్ మరుగుదొడ్లు కడుతూ తాపీ పని నేర్చుకుని ‘రాణీ మిస్త్రీ’లుగా పేరు తెచ్చుకున్నారు. మన కూలీల అడ్డాల్లో నిలబడే ఆడవాళ్లకు పని కొత్త కాదు. వాళ్లకు వచ్చిన పనిని గుర్తించి, దానికి తగ్గ కూలీ అడిగే హక్కు ఇప్పించండి.

ఇట్లు,
నిర్మాణ కార్మికుల మేలు కోరే ఒక పౌరుడు