లద్దాఖ్ బైకు యాత్రకు కిలోమీటర్ల లెక్క సరిపోదు

వేసవిలో మంచు తొలగించి మనాలి–లేహ్ రహదారిని తెరవగానే దేశం నలుమూలల నుంచి బైకు బృందాలు లద్దాఖ్ బాట పడతాయి. హైదరాబాద్ నుంచి వెళ్లేవారూ తక్కువేమీ కాదు. బయలుదేరే ముందు చర్చంతా టైర్లు, బ్రేకులు, క్లచ్ కేబుళ్లు, పెట్రోలు డబ్బాల చుట్టూ తిరుగుతుంది. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు వెళ్లాలో పట్టిక కూడా సిద్ధమవుతుంది. కానీ ఆ పట్టికలో సాధారణంగా ఒక గడి కనిపించదు: ఈ రాత్రి ఎన్ని మీటర్ల ఎత్తులో పడుకుంటున్నాం? ఆ గడి లేని యాత్రకు డబ్బు కట్టకూడదన్నది నా అభిప్రాయం.

కారణం గాలిలోనే ఉంది. సముద్ర తీరంలోనైనా హిమాలయాల్లోనైనా గాలిలో ఆక్సిజన్ వాటా సుమారు 21 శాతమే. ఎత్తుకు వెళ్లేకొద్దీ తగ్గేది గాలి పీడనం. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో పీడనం తీర ప్రాంతంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా కనుమ మీద దాదాపు సగం. పీల్చే ప్రతి శ్వాసలో దొరికే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గిపోతుంది.

ఇంజన్‌కూ ఇదే ఇబ్బంది. పాత కార్బ్యురేటర్ బండ్లలో గాలి పలచబడినా పెట్రోలు దాదాపు అంతే వచ్చేది. మిశ్రమం చిక్కబడి నల్లపొగ వచ్చేది, ప్లగ్గు మసిబారేది, బండి ఎక్కలేక మొరాయించేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ మామూలైంది. సెన్సర్లు పీడనాన్ని గమనించి పెట్రోలును తగ్గిస్తాయి. శక్తి కొంత తగ్గినా బండి ఆగదు. అదే ఏడాది అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం రోహ్‌తంగ్ కనుమ ఎక్కే పని తప్పించి, దారిని 46 కిలోమీటర్లు తగ్గించింది. ఒకప్పుడు బండో రోడ్డో మనిషిని ఆపేది. ఇప్పుడు ఆ రెండూ సాఫీగా సాగుతుంటే శరీరం తట్టుకోలేనంత ఎత్తుకు ఒక్క రోజులోనే చేరుకుంటున్నాం.

శరీరానికీ సెన్సర్లు ఉన్నాయి. మెడలోని కెరోటిడ్ ధమనుల దగ్గర ఉండే సూక్ష్మ గ్రాహకాలు రక్తంలో ఆక్సిజన్ తగ్గుదలను పసిగట్టి శ్వాస వేగాన్ని పెంచుతాయి. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటకు పోయి రక్తంలో క్షార గుణం పెరుగుతుంది, అది మళ్లీ శ్వాసకు పగ్గం వేస్తుంది. మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను బయటకు పంపి ఈ తేడాను సరిదిద్దాలి. అందుకు రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు కావాలి.

ఒళ్లు గట్టిగా ఉంటే చాలనుకోవడం పొరపాటు. ఈ విషయంలో మన దేశానికి చేదు అనుభవం ఉంది. ఎత్తైన ప్రాంతాల్లో అస్వస్థతకు గురైన 1,925 మంది భారత సైనికులపై ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. వారంతా శిక్షణ పొందిన, దృఢమైన మనుషులే.

తలనొప్పి, వికారం, నీరసం, తల తిరగడం వంటి లక్షణాలు సాధారణంగా ఎత్తుకు చేరిన 6 నుంచి 12 గంటల తర్వాత మొదలవుతాయి. కనుమ మీద ఫొటో దిగి వెంటనే కిందికి వచ్చేసేవారికంటే, రాత్రి ఎత్తులో పడుకునేవారికే ముప్పు ఎక్కువ. అందుకే 3,000 మీటర్లు దాటాక బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు చెబుతారు.

ఈ కొలతతో ప్రచారంలో ఉన్న రెండు రోజుల మనాలి–లేహ్ పట్టికను చూడండి. మొదటి ఉదయం సుమారు 2,050 మీటర్ల మనాలిలో, ఆ రాత్రి దాదాపు 4,300 మీటర్ల సర్చూ గుడారాల్లో. పైగా సర్చూకు ఒకవైపు 4,890 మీటర్ల బారాలాచా లా, మరోవైపు 5,000 మీటర్లు దాటిన లాచులుంగ్ లా. అర్ధరాత్రి ఎవరికైనా ప్రమాదం ముంచుకొస్తే కిందికి దిగాలన్నా ముందు పైకి ఎక్కాల్సిందే. శ్రీనగర్ దారి ఇంతకంటే మేలు. సుమారు 1,600 మీటర్ల శ్రీనగర్, 2,700 మీటర్ల కార్గిల్, 3,000 మీటర్ల ఖల్సీలలో బస చేస్తూ వస్తే లేహ్ చేరేసరికి శరీరం కొంత అలవాటు పడుతుంది. తిరుగు ప్రయాణానికి మనాలి దారి పెట్టుకోవచ్చు. నేరుగా లేహ్‌లో విమానం దిగేవారు కనీసం 48 గంటలు విశ్రాంతి తీసుకోవాలన్నది అక్కడి యంత్రాంగం ఇచ్చే సూచన.

బస్సులో తలనొప్పి వస్తే కిటికీకి తల ఆనించి కూర్చోవచ్చు. బైకు మీద అస్వస్థుడే డ్రైవరు. ఆక్సిజన్ తగ్గితే ఆలోచన, స్పందన మందగిస్తాయి. ఆ మందగింపు అతనికే తెలియకపోవచ్చు. దీనికి బృందం మొహమాటం తోడవుతుంది. తన వల్ల పదిమంది ఆగిపోకూడదని "ఏం లేదన్నా, కాస్త తలనొప్పి, టాబ్లెట్ వేసుకున్నా" అంటాడు. గదులు ముందే బుక్ చేశారు కాబట్టి అందరూ ఆ మాట నమ్మేస్తారు.

ఈ మొహమాటానికి విరుగుడు ముందే పెట్టుకున్న నియమం. లేక్ లూయీస్ కొలమానంలో తలనొప్పి, వికారం, నీరసం, తల తిరగడం ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. ఎత్తుకు చేరాక తలనొప్పి ఉండి మొత్తం 3 దాటినా, సరిగ్గా 3 వచ్చినా అది ఎత్తు జబ్బుగానే భావించాలి. రోజూ సాయంత్రం బృంద నాయకుడు ఒక్కొక్కరినీ ఈ నాలుగూ అడగాలి. 3 వచ్చినవారు మర్నాడు పైకి ఎక్కకూడదు. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దించి ఆసుపత్రికి చేర్చాలి. అలాంటివారితో బండి నడిపించకూడదు కాబట్టి వెంట ఒక వాహనం తప్పనిసరి. చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల ఉపశమనమే, కిందికి దిగడానికి ప్రత్యామ్నాయం కాదు. అసిటజోలమైడ్ వంటి మాత్రలు వాడాలంటే బయలుదేరే ముందే వైద్యుణ్ని సంప్రదించాలి.

పది రోజుల సెలవులో అదనంగా రెండు రోజులు ఎక్కడివని అడుగుతారు. ప్రశ్న సమంజసమే. రోజులు పెంచలేకపోతే ప్రదేశాలు తగ్గించుకోవాలి. 5,798 మీటర్ల ఉమ్లింగ్ లా ఈసారి చూడకపోతే మరో ఏడాది చూడవచ్చు. ఈ వేసవికి పట్టిక చేతికి రాగానే ప్రతి రాత్రి బస పక్కన దాని ఎత్తు రాసి, ముందు రోజు ఎత్తును తీసివేయండి. 3,000 మీటర్ల పైన తేడా 500 దాటిన చోట ఒక రోజు చేర్చమని నిర్వాహకుణ్ని అడగండి. కుదరదంటే మరో బృందాన్ని వెతుక్కోండి.