బరువు రాకెట్‌తో స్మాష్ వస్తుందా?

సాయంత్రం అయిదు దాటాక అమలాపురంలోనో, రాజమండ్రిలోనో, భీమవరంలోనో ఏ షటిల్ కోర్టుకైనా వెళ్లి చూడండి. లోపల ఆడేవాళ్లు నలుగురుంటే, గోడవారగా నిలబడి గాలిలో రాకెట్ ఊపే పిల్లలు పదిమంది ఉంటారు. ఈమధ్య ఆ ఊపే రాకెట్ మారింది. మామూలు దానికంటే బాగా బరువుండే ప్రాక్టీస్ రాకెట్ అది. రోజూ దాన్ని రెండొందలసార్లు ఊపితే స్మాష్ పదునెక్కుతుందని ఎవరో చెబుతారు, మనం ఆన్‌లైన్‌లో తెప్పించేస్తాం. పదేళ్ల పిల్లాడికి కూడా.

ఆ రాకెట్ మీద నాకు కోపం లేదు. దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నాం, ఎప్పుడు పెడుతున్నాం అన్నదాంతోనే నా పేచీ.

మన జిల్లాలకు షటిల్ పిచ్చి ఊరికే పట్టలేదు. అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని యోనెక్స్ ఫ్యాక్టరీలో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగం అందుకుంది. మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరిట 2013 నుంచి ఉన్న 493 కిలోమీటర్ల గిన్నిస్ రికార్డు దాంతో చెరిగిపోయింది. అదే ఏడాది చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల్లో స్వర్ణం, ఆ వెంటనే డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్ ర్యాంకు. అంతటి వాడు మన వీధిలోంచి వెళ్లినట్టే ఉంటుంది మనకి. మన వాడూ అలా కొట్టాలని ఏ తల్లిదండ్రులు అనుకోరు? కాకపోతే సాత్విక్ ఇంట్లో తండ్రే వ్యాయామ ఉపాధ్యాయుడు. మన ఇళ్లలో ఉన్నది యూట్యూబ్.

అసలు ఆ వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది? షటిల్ బరువు అయిదు గ్రాములు, కాస్త అటూ ఇటూగా. మ్యాచ్‌లో వాడే రాకెట్లు ఎక్కువగా 80 నుంచి 90 గ్రాముల మధ్య ఉంటాయి. అయిదు గ్రాముల వస్తువును కొట్టడానికి కండబలంతో పెద్ద పని లేదు, రాకెట్ కొస ఎంత వేగంగా తిరిగిందన్నదే లెక్క. కాలవగట్టు మీద వల విసిరేవాణ్ణి ఎప్పుడైనా గమనించారా? ముందు కాళ్లు కుదురుకుంటాయి, తర్వాత నడుం తిరుగుతుంది, ఆ తర్వాతే భుజం, చెయ్యి. వల చివరన విచ్చుకుంటుంది. స్మాష్ కూడా అంతే. పాదం నేలను తన్నిన బలం తుంటికి, నడుముకి, భుజానికి ఒకదాన్నుంచి ఒకదానికి అందుతూ వెళ్లి, ఆఖరి క్షణంలో ముంజేయి తాళంచెవి తిప్పినట్టు లోపలికి మెలితిరుగుతుంది. ఆ మెలికలోనే ఉంది అసలు దెబ్బ.

ఇప్పుడు పదేళ్ల పిల్లాడి చేతిలో 140 గ్రాముల రాకెట్ పెట్టండి. 85 గ్రాముల రాకెట్‌తో పోలిస్తే అది ఒకటిన్నర రెట్ల పైచిలుకు. వాడి ముంజేతికి దాన్ని మెలితిప్పే శక్తి లేదు. అందుకని మోచేయి బిగబడుతుంది, నడుం వెనక్కి వంగుతుంది, బరువంతా భుజం లాగుతుంది. రెండొందలసార్లు ఊపాడంటే ఆ తప్పునే రెండొందలసార్లు సాధన చేశాడన్నమాట.

ఈ బరువు సాధన గోల్ఫ్‌లో పాత సంగతే. మన దగ్గర గోల్ఫ్ కోర్సు చూడాలంటే విశాఖో హైదరాబాదో వెళ్లాలి గానీ, ఆ ఆటగాళ్లు బరువైన ప్రాక్టీస్ క్లబ్ ఎందుకు తిప్పుతారో తెలుసుకోవడం మనకీ అవసరమే. అక్కడ బంతి కదలకుండా నేల మీద కూర్చుని ఉంటుంది. ఆటగాడు తన తీరికలో తాను కొడతాడు. బరువు క్లబ్ తొందరపడితే లొంగదు, వట్టి చేతులతో లాగినా లొంగదు. ఒళ్లంతా తిప్పి, ఒక లయలో ఊపితేనే మాట వింటుంది. అంటే అది నేర్పేది లయ. ఎదిగిన ఒళ్లుతో, నిదానంగా తిప్పితేనే ఆ మేలు. షటిల్ మన తీరిక కోసం ఆగదు కదా!

అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లకూ ఇదే అలవాటు. బ్యాటింగ్‌కి వెళ్లే ముందు బరువైన బ్యాటు నాలుగుసార్లు ఊపుతారు. తర్వాత మామూలు బ్యాటు దూదిలా అనిపిస్తుంది. అనిపించడం నిజమే. కానీ వేగం కొలిచి చూసినప్పుడు పెరగకపోగా ఒక్కోసారి కాస్త తగ్గినట్టు తేలింది. మామూలు బరువుకు పదో వంతు అటూ ఇటూ ఉన్నవాటితో సాధన చేస్తే ఇబ్బంది లేదు, మరీ బరువైతేనే ఊపు చెడుతుంది. కాబట్టి మ్యాచ్‌కి ముందు బరువు రాకెట్ తిప్పి కోర్టులోకి దిగే మిత్రులు తమను తామే మోసం చేసుకుంటున్నారు.

నా అసలు భయం ఎముకల గురించి. ఎదిగే పిల్లల భుజం ఎముక పైభాగంలో పెరుగుదల జరిగే మెత్తని పొర ఉంటుంది. టీనేజీ చివరికి గానీ అది పూర్తిగా గట్టిపడదు. తలపై నుంచి పదేపదే విసిరే పిల్లలకు అక్కడ నొప్పి మొదలవుతుంది. బేస్‌బాల్ ఆడే పిల్లల్లో ఇది ఎంత మామూలంటే, దానికి 'లిటిల్ లీగర్స్ షోల్డర్' అని పేరే పెట్టారు. వైద్యం విశ్రాంతే, అదీ వారాలు కాదు, తరచు నెలలు. స్ప్రే కొట్టి మళ్లీ కోర్టుకి పంపడం ఎంతమాత్రం పనికిరాదు. ఫిజియోలు వెంట ఉండే సాత్విక్ అంతటివాడే భుజం గాయంతో 2024 ఏప్రిల్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్‌కు దూరమయ్యాడు.

ఇక నాన్నల సంగతి. నలభై దాటి, పొద్దున్నే రెండు గేములాడి టిఫిన్ సెంటర్‌కి వెళ్లే బ్యాచ్ ప్రతి ఊళ్లోనూ ఉంది. వీళ్లలో కొందరు కుర్రతనంలో ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడినవాళ్లు. ఆ రాకెట్ షటిల్ రాకెట్‌కి దాదాపు రెట్టింపు బరువు, చెయ్యి మొత్తం ఊపే అలవాటు ఇంకా పోలేదు. దానికి తోడు షుగర్ ఉంటే భుజం బిగుసుకుపోయే అవకాశం మామూలు వాళ్లకన్నా ఎక్కువ. వీళ్లకు బరువు రాకెట్ సలహా ఇవ్వడమంటే పూతరేకులు తినమని చెప్పడంలాంటిదే.

మరి ఎవరికి? నా లెక్కలో పదహారు దాటి, కనీసం రెండేళ్లు సరిగ్గా నేర్చుకుని, ఏ నొప్పీ లేనివాళ్లకి. వారానికి రెండుమూడు రోజులు, విడతకు పదిపన్నెండు ఊపులు, నిదానంగా, షటిల్ లేకుండా. చిన్నపిల్లలకైతే పాత టెన్నిస్ బంతి ఇచ్చి మైదానంలో ఎంత దూరం విసరగలరో విసరమనండి. స్మాష్‌కి కావలసిన కదలిక చాలావరకు అందులోనే ఉంది. తాడాట ఆడించండి. మాస్టారు బరువు రాకెట్ కొనమంటే, "ఎంత బరువండీ, రోజుకి ఎన్నిసార్లండీ, వీడి వయసుకి ఎందుకండీ?" అని మొహమాటం లేకుండా అడగండి.

ఇప్పటికే కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. బీరువా మీద పెట్టండి. వాడు ఇంటర్‌కి వచ్చాక తీద్దురుగాని.