ఉప్పుచేపను దాచిన చరిత్ర

శాకాహారమే భారతీయుల అసలు సంప్రదాయమనీ, మాంసం తినడం బయటినుంచి వచ్చిన అలవాటనీ ఒక వాదం బాగా చలామణిలో ఉంది. పిల్లలకు గుడ్డు పెట్టాలా వద్దా అన్న ప్రభుత్వ నిర్ణయాల దాకా దీని ప్రభావం పాకింది. ఈ వాదం చరిత్ర ముందు నిలవదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ముందు అసలే నిలవదు.

ఇథియోపియాలోని బౌరి దగ్గర దొరికిన సుమారు 25 లక్షల ఏళ్లనాటి జంతువుల ఎముకల మీద రాతి పనిముట్ల గాట్లున్నాయి. మాంసం ఒక్కటే మనిషి మెదడును పెంచిందా, నిప్పు మీద ఉడికిన దుంపలకూ అందులో వాటా ఉందా అన్నది పండితుల మధ్య తెగని తగవు. మాంసం మనిషి తిండిలో మొదటినుంచీ ఉందన్న విషయంలో మాత్రం తగవు లేదు. దక్కనులోనూ సాక్ష్యాలు పాతవే. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో తవ్విన రేమండ్ ఆల్చిన్, అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి అని తేల్చాడు. కర్ణాటకలోని బుదిహాళ్ బూడిద దిబ్బ దగ్గర పశువులను కోసిన తావే బయటపడింది. బయటివాళ్లు వచ్చి నేర్పేదాకా ఇక్కడివాళ్లు ఆగలేదు.

అహింసకు తొలి రాజశాసనాలు వేయించిన అశోకుడి సాక్ష్యం కూడా ఇదే చెబుతుంది. శ్రీకాకుళానికి ఆనుకున్న గంజాం జిల్లాలోని జౌగడ రాతి మీద ఆయన మొదటి శాసనం ఉంది. పూర్వం రాజు వంటశాలకు రోజూ లక్షల ప్రాణులను చంపేవారనీ, ఇప్పుడు రెండు నెమళ్లను, ఒక జింకను మాత్రమే చంపుతున్నారనీ, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదనీ, ముందుముందు ఇవీ ఆగుతాయనీ అది చెబుతుంది. లక్షలన్న లెక్క అతిశయోక్తి కావచ్చు. అయినా ఎవరూ తినని దాన్ని తగ్గించమని ఏ రాజూ రాతి మీద చెక్కించడు.

ఉత్తరాంధ్రలో తిండిని నిర్ణయించింది సముద్రం, కొండ, మెట్ట పొలం. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది; విజయనగరానిది 28 కిలోమీటర్లు. తీరంలో పట్టిన చేపలో అమ్ముడుపోగా మిగిలింది ఉప్పు పట్టి ఇసుక మీద ఎండుతుంది, గంపల్లో ఊళ్లకూ సంతలకూ చేరుతుంది. కూర వండుకునే తీరిక, డబ్బు లేని కూలి ఇంట్లో చోడి అంబలికో గంజన్నానికో ఎండు నెత్తళ్లే నంజుడు. ఖరీదైన పప్పుకు బదులు మాంసకృత్తులు అందించింది ఇదే. కొండమీద సవరలకు వేట, అడవి దుంపలు, పోడు పంట కలిసే తిండి. చనిపోయినవారి పేరున సవరలు చేసే దున్న బలి గురించి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో వివరంగా రాశాడు. మైదానంలో శంబర పోలమాంబ జాతర వంటి గ్రామదేవతల పండుగలకు కోడీ మేకా మొక్కు. కనుమనాడు నీచు వండని ఇళ్లు తక్కువ.

ఇదే నేల మీద శ్రీకూర్మం, అరసవల్లి ఆలయాలున్నాయి. జైన, బౌద్ధ శిథిలాలున్న రామతీర్థం ఉంది. జాతరలో కోడిని కోసిన ఇల్లే కార్తీకమాసంలో నీచు ముట్టదు. శనివారం మానేసినవారు ఆదివారం తింటారు. శాకాహారం ఇక్కడ పరాయిది కాదు. అది కొన్ని కులాలకు నిత్య నియమం, మిగిలినవారికి కొన్ని రోజుల నోము. కొందరి నియమాన్ని అందరి సంప్రదాయమని చెప్పడమే తప్పు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 98 శాతం, దేశం మొత్తంమీద 71 శాతం మాంసాహారులుగా తేలారు. ఇంతమందిని మినహాయింపుగా చూపే సంప్రదాయం లెక్కకే విరుద్ధం.

తినేవారు ఎక్కువన్నంత మాత్రాన అందేది ఎక్కువని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు అనేకం. కానీ ఒంటికి సులువుగా పట్టే ఇనుము మాంసంలో, చేపలో ఉంది; బి12 విటమిన్ మొక్కలనుంచి దాదాపు రాదు. పాలు కొనలేని ఇంటికి గుడ్డూ ఎండుచేపా చవకైన దారి. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టడానికి నిరాకరించినప్పుడు నష్టపోయింది సంప్రదాయం గురించి వాదించేవారు కాదు, పేద పిల్లలు. బడి భోజనంలో గుడ్డు పెడుతున్న ఆంధ్రప్రదేశ్ దారే సరైనది.

శాకాహారానికి ఉదాహరణగా చూపే గుజరాత్‌లోనే వెరావల్ వంటి పెద్ద చేపల రేవు ఉంది. అక్కడి పడవల మీద కూలికి వెళ్లేవారిలో శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఎందరో. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, ఏడాదికి పైగా జైల్లో ఉండి, 2020 జనవరిలో విడుదలైన 20 మంది ఇలా వలస వెళ్లినవారే. చేపను నీచంగా చూసే వాదం ఈ శ్రమనూ నీచం చేస్తుంది.

పర్యావరణం, జీవకారుణ్యం పేరిట వచ్చే అభ్యంతరాలు దీనికంటే బలమైనవి. దాణా కోసం అడవులు నరికే పశుపోషణ, ఊపిరాడని కోళ్ల ఫారాలు, విచ్చలవిడిగా వాడే యాంటీబయాటిక్ మందులు నిజమైన సమస్యలు. అయితే కోత అయిన చేలో మేసే మేకకూ, నాటుపడవ తెచ్చే చేపకూ ఆ నేరం అంటగట్టడం న్యాయం కాదు. సముద్రంలో చేప తరగకుండా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలవుతోంది. కట్టడి చేయాల్సింది ఉత్పత్తి పద్ధతిని, తినేవాడిని కాదు.

దయతో మాంసం మానుకోవడం ఎవరి ఇష్టం వారిది. అది గౌరవించదగిన ఇష్టం. దాన్ని జాతి చరిత్రగా చెప్పడం అబద్ధం, పేదల పళ్లెం మీద శాసనంగా రుద్దడం అన్యాయం.